పెరటి కుందేలుకు చలికాలపు గూడు

మొన్న ఆదివారం మా చిన్నాన్నగారి కళ్లం నుంచి రెండు మోపుల కొత్త వరిగడ్డి తెచ్చి డాబా మీద పలుచగా పరిచాను. మార్గశిరం అడుగుపెట్టగానే శృంగవరపుకోటలోని మా ఇంట్లో మొదలయ్యే చలికాలపు పని ఇదే. ఆ గడ్డి పశువుల మేతకు కాదు. పెరట్లో జామచెట్టు పక్కన చెక్కగూట్లో ఉండే మా కుందేలు బుల్లోడి పడకకు. పరిచిన గడ్డిని మధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలకముందు ఒకసారి తిరగవేసి, పిడికెడు తీసి చెవి దగ్గర పెట్టుకుని నలుపుతాను. పూర్తిగా ఎండిన గడ్డి గలగలమంటుంది. లోపల చెమ్మ మిగిలిన గడ్డి చప్పుడు చేయకుండా వేళ్ల మధ్య వంగిపోతుంది. ఈ చిన్న పరీక్ష నాకు అలవడేసరికి రెండు చలికాలాలు గడిచాయి, ఒకసారి బుల్లోడి ప్రాణం మీదికి వచ్చింది.

బుల్లోడు బూడిదరంగు కుందేలు, రెండు కిలోల పైచిలుకు బరువుంటాడు. మూడేళ్ల క్రితం విశాఖపట్నం నుంచి ఇద్దరు అన్నదమ్ములను తెచ్చుకుంటే, ఒకడు మా దగ్గర ఉండిపోయాడు, పెద్దోడని పిలుచుకునే రెండోవాడు అరకులో పంతులమ్మగా పనిచేస్తున్న మా చెల్లెలితో కొండెక్కాడు. మా పాపకు దుమ్ము పడదు కనుక బుల్లోడిని ఇంట్లో ఉంచే వీలు లేకపోయింది. పెరట్లో పెంచాలని నిర్ణయించుకున్న రోజున అందరూ నన్ను ఎండాకాలం గురించే హెచ్చరించారు, అది సరైన హెచ్చరికే. కుందేలుకు 15 నుంచి 20 డిగ్రీల మధ్య వాతావరణం హాయిగా ఉంటుంది, 30 దాటితే ప్రమాదం మొదలవుతుంది. మన ఉత్తరాంధ్ర వేసవి దానికి నిజమైన గండం. చలికాలం గురించి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒళ్లంతా బొచ్చున్న జంతువుకు చలేమిటని నేను కూడా అనుకున్నాను.

మన తుప్పల్లో, మెట్టపొలాల్లో తిరిగే చెవులపిల్లి, మనం పెంచుకునే కుందేలు ఒకటి కావు. చెవులపిల్లి మన నేలకు చెందిన అడవిజంతువు. బొరియ తవ్వదు, గడ్డిదుబ్బుల మధ్య పడుకుంటుంది, పిల్లలను కూడా బొచ్చుతో, తెరిచిన కళ్లతో కంటుంది. దానిని పట్టడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మనం పెంచుకునే కుందేలు పూర్వీకులు ఐరోపాలో స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాలవి. అవి నేలలో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతుకుతాయి. పైన ఎంత చలి ఉన్నా మట్టి లోపల వేడి పెద్దగా మారదు, గాలి తగలదు, పక్కన తోటి కుందేళ్ల ఒళ్ల వెచ్చదనం ఉంటుంది. మనం కాళ్ల మీద నిలబెట్టి, నాలుగువైపులా ఇనుపజల్లెడ కొట్టి ఇచ్చే గూట్లో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. పెరటి కుందేలుకు చలికాలంలో మనం చేసే ఏర్పాటంతా, నా దృష్టిలో, పోగొట్టుకున్న ఆ బొరియను తిరిగి ఇవ్వడమే.

చలి గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు నన్ను తప్పుదారి పట్టించింది మన మంచు అనే మాట. ఆకాశం నుంచి తెల్లగా రాలేదీ మంచే, తెల్లవారుజామున రోడ్డు కనబడకుండా కమ్ముకునేదీ మంచే, గడ్డికొనల మీద బొట్లుగా నిలిచేదీ మంచే. చలిదేశాల వాళ్లు కుందేళ్ల గురించి చెప్పేది మొదటి మంచు సంగతి. అక్కడ సున్నాకు దిగువన పది డిగ్రీలకు పోయిన రాత్రుల్లో నీటిసీసా గొట్టంలోని గోళీ గడ్డకట్టి కదలదు, సీసాలో నీళ్లున్నా కుందేలు దాహంతో ఉండిపోతుంది. అందుకని సీసాలకు తొడుగులు వేస్తారు, రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు మారుస్తారు, గూడు గోడల మధ్య వేడి పోకుండా అట్టలు నింపుతారు. అక్కడి మంచు పొడిగా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది. మా శృంగవరపుకోటలో జనవరిలో మరీ చలిగా ఉన్న తెల్లవారుజామున పెరట్లో వేలాడదీసిన థర్మామీటరు 14 చూపిస్తుంది. అంకెలో అది కుందేలుకు చలే కాదు. కానీ పుణ్యగిరి కొండల వైపు నుంచి దిగే గాలితో కలిసి వచ్చే మా మంచు తడిపే మంచు. రేకు కింద బొట్టుబొట్టుగా చేరి లోపలికి కారుతుంది, చెక్కలోకి ఇంకుతుంది, గడ్డిని మెత్తబరుస్తుంది, చివరికి బొచ్చు అడుగుదాకా పోతుంది. కుందేలు బొచ్చు ఒత్తుగా ఉండి, పోగుల మధ్య గాలిని పట్టి ఉంచినంతసేపే దానికి దుప్పటి. ఆ గాలి ఉండవలసిన చోట నీరు చేరితే 14 డిగ్రీలు కూడా చాలా చలి.

ఈ సంగతి నాకు పుస్తకం వల్ల కాదు, 2023 డిసెంబరు మొదటి వారంలో బోధపడింది. ఆ నెల 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్ల మాకు ఎంతో దూరమైనా ముసురు మాదాకా వచ్చింది. పనల మీద ఉన్న వరి తడిసిపోతుందని రైతులు పరుగులు పెడుతుంటే, నేను గూడు తడవకుండా కొత్త నీలిరంగు టార్పాలిన్ తెచ్చి నాలుగువైపులా కిందిదాకా దించి, తాళ్లతో బిగించి కట్టాను. పక్కింటి పెద్దాయన గోడ మీంచి చూసి, "ఏటి మాస్టారూ, కుందేలికి కూడా దుప్పటి కప్పేస్తన్నారేటి?" అని నవ్వారు. నాకు తృప్తిగా అనిపించింది. వాన వెలిసినా చలిగాలి తగ్గలేదని ఆ పట్టాను అలాగే ఉంచేశాను. మేత పెట్టడానికి ఒక మూల మాత్రం ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి, మళ్లీ కట్టేసేవాణ్ణి. అయిదో రోజు పొద్దున ఆ మూల ఎత్తగానే ముక్కుపుటాలు మండే వాసన వచ్చింది. పట్టా లోపలి వైపు ఆవిరి బొట్లు కట్టి కిందికి జారుతున్నాయి. బుల్లోడు రాత్రి పెట్టిన గరికను సగం వదిలేసి, మూలన ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

వాణ్ణి ఒళ్లోకి తీసుకున్నప్పుడు మొదట ఏమీ తేడా కనిపించలేదు. కుందేలు తన జబ్బును చాలా లోపల దాచుకుంటుంది; వేటాడబడే జంతువుకు బలహీనత బయటపెట్టడమంటే చావును పిలవడమే. ముక్కు చూస్తే శుభ్రంగానే ఉంది. ముందుకాళ్లు పట్టుకుని తిప్పి చూసినప్పుడు తెలిసింది: బొటనవేలి వైపు, లోపలి బొచ్చంతా ఎండిన గంజిలా అట్టకట్టి, పోగులు ఒకదానికొకటి అంటుకుని కుచ్చుల్లా ఉన్నాయి. ముక్కు కారిన ప్రతిసారీ వాడు ముందుకాళ్లతో తుడుచుకుంటూ వచ్చాడు. జబ్బు ముక్కు మీద కాదు, ముంగాళ్ల మీద కనబడింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా నేను రోజూ పొద్దున మొదట చూసేది ఆ ముంగాళ్ల లోపలి బొచ్చునే.

పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లేముందు బంధువు ఒకాయన పిల్లలకు ఇచ్చే జలుబు మందు, వీలైతే ఒక యాంటీబయాటిక్ చుక్కల మందు తెచ్చి వేయమని చెప్పారు. నేను తెచ్చాను కూడా. వేయకముందే డాక్టరుగారికి చూపించడం మా అదృష్టం. ఆ సీసా మీద ఉన్నది అమోక్సిసిల్లిన్. నోటిద్వారా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు కుందేలు పేగుల్లో మేత అరిగించే మేలైన సూక్ష్మజీవులను చంపి, విషం పుట్టించే వాటికి చోటిస్తాయి. మనిషి పిల్లకు మంచి చేసే ఆ మందు కుందేలును చంపగలదు. కుందేలు పెంచేవాళ్లందరూ ఈ ఒక్క సంగతిని గోడ మీద రాసి పెట్టుకోవాలని నా విన్నపం. ఆయన కుందేలుకు సరిపడే మందు వేరే ఇచ్చారు. నేను గూడు సంగతి, పట్టా సంగతి చెప్పిన తర్వాత ఆయన అన్న మాట నాకు ఇంకా చెవిలోనే ఉంది: "ముందు ఆ పట్టా విప్పండి మాస్టారూ. దీనికి చలి చేయలేదు, గాలి ఆడలేదు."

జరిగిందేమిటంటే, కుందేలు మూత్రం నిలవ ఉన్నచోట అమ్మోనియా పుడుతుంది. మనం నిలబడి వాసన చూసే ఎత్తులో అది పలుచగా ఉన్నా, పడక మీద ముక్కు ఆనించి పడుకునే జంతువుకు దట్టంగా అందుతుంది. గాలి కదలని గూట్లో ఆ ఘాటు ముక్కు లోపలి పొరను కొరికేస్తుంది. చాలా కుందేళ్ల ముక్కులో పాస్ట్యురెల్లా అనే సూక్ష్మజీవి ఎప్పుడూ ఊరికే ఉంటుంది. పొర దెబ్బతిన్నప్పుడు, ఒంట్లో బలం తగ్గినప్పుడు అది విజృంభిస్తుంది. తడి గడ్డి, మూసిన గాలి, ఊపిరి ఆవిరి, ఈ మూడూ ఆ టార్పాలిన్ లోపల నేను నా చేతులారా కట్టి పెట్టినవే. బుల్లోడు పది రోజుల్లో కోలుకున్నాడు గానీ, ఇప్పటికీ వాతావరణం మారినప్పుడల్లా రెండు మూడు తుమ్ములు తుమ్ముతాడు, ఆ చప్పుడు వినబడిన ప్రతిసారీ నాకు ఆ నీలిరంగు పట్టా గుర్తుకొస్తుంది.

అదే చలికాలంలో అరకులో పెద్దోడు ఎలా ఉన్నాడో చూసిన తర్వాత నా ఆలోచన పూర్తిగా మారింది. సంక్రాంతి వెళ్లిన వారానికి కిరండోల్ రైలెక్కి చెల్లెలి ఇంటికి వెళ్లాను. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఆ లోయలో జనవరి రాత్రుల్లో వేడి 10 డిగ్రీలకు లోపే ఉంటుంది, ఒక్కోసారి ఇంకా బాగా దిగుతుంది. మా కోటలో స్వెట్టరు ఎరగని నేను అక్కడ రెండు దుప్పట్లు కప్పుకుని కూడా నిద్రపోలేకపోయాను. పెద్దోడు మాత్రం తెల్లవారగానే వరండాలో గంతులు వేస్తున్నాడు. చెల్లెలు గూటిని దక్షిణం వైపు వరండాలో, గోడకు ఆనించి, మూడువైపులా చెక్క కొట్టించి పెట్టింది. ముందువైపు జల్లెడలో కింది సగానికి అట్టచెక్క బిగించి, పై సగం ఎప్పుడూ తెరిచే ఉంచింది. రాత్రి అయితే ఆ పై సగం మీద వదులుగా ఒక గోనెపట్టా, అదీ బయటివైపు, వాడి పళ్లకు అందనంత దూరంలో. లోపల మోకాలి ఎత్తు చిన్న చెక్కపెట్టె, నిండా పొడి గడ్డి. అంతే. "అన్నయ్యా, నేను వీడికి వేడి పెట్టలేదు, వీడి వేడి వీడి దగ్గరే ఉండేట్టు చేశాను" అని అంది. అంత చలి లేని మా ఊళ్లో నా కుందేలు జబ్బుపడింది, ఎముకలు కొరికే చలిలో దాని తోడబుట్టినది బొద్దుగా ఉంది. తేడా అంతా తడిలోనూ గాలిలోనూ ఉంది.

తిరిగి వచ్చి గూడు మళ్లీ కట్టించాను. మా ఊళ్లో చలికాలపు గాలి ఉత్తరం, ఈశాన్యం నుంచి వీస్తుంది. ఈ కాలంలో సూర్యుడు ఆగ్నేయాన ఉదయిస్తాడు. కాబట్టి గూడు ముఖాన్ని ఆగ్నేయానికి తిప్పాను. గాలికి వెన్ను, పొద్దుటి ఎండకు ముఖం. కాళ్లను నేల నుంచి అడుగున్నర ఎత్తు చేయించాను. రేకు పైకప్పు మీద తాటికమ్మలు రెండు వరసలు కప్పించి, వాలు వెనక్కి, చూరు ముందుకు జానెడు వచ్చేలా చేయించాను. చల్లటి రేకు కింద కట్టే మంచుబొట్లు కమ్మలు కప్పిన తర్వాత ఆగిపోయాయి. అడుగున ఉన్న ఇనుపజల్లెడలో సగానికి పైగా చెక్కపలక పరిచాను. కుక్కకు, పిల్లికి ఉన్నట్టు కుందేలు పాదాలకు మెత్తలు ఉండవు, బొచ్చే ఉంటుంది. రాత్రంతా చల్లని తీగ మీద కూర్చుంటే ఆ బొచ్చు అరిగి పుండ్లు పడతాయి.

లోపలి పడకపెట్టెను రెండడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అంతే ఎత్తు చేయించాను. పెద్ద పెట్టె ఇస్తే సుఖంగా ఉంటుందని మనకు అనిపిస్తుంది, కానీ చలిలో చిన్న పెట్టే మేలు. దాని ఒంటి వేడి చుట్టూ ఉన్న కొద్దిపాటి గాలిని వెచ్చబరచగలదు, గదంత చోటును వెచ్చబరచలేదు. ద్వారం ఒక చివరన ఉండాలి, పడక రెండో చివరన. అప్పుడు గాలి నేరుగా ఒంటిని తాకదు. వెనక పలకకు పైభాగంలో రెండు వేళ్లు పట్టేంత రంధ్రాలు నాలుగు పెట్టించాను. ఆవిరి, ఘాటు పైనుంచి పోతాయి. కింద పడుకున్నవాడికి గాలి కోత తగలదు. వడ్రంగి ఈ రంధ్రాలను ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. చలి రాకుండా పెట్టె చేయించుకుంటూ మళ్లీ చిల్లులెందుకని ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనదే.

ఇక గడ్డి. వరిగడ్డి పుల్ల లోపల బోలుగా ఉంటుంది, అందులో గాలి నిలుస్తుంది, అందుకే అది పడకకు బంగారం. పాత చీరలు, తువ్వాళ్లు, స్వెట్టర్లు తడిని పీల్చి దాచుకుంటాయి. పైగా కుందేలు వాటిని కొరికి, దారాలు మింగుతుంది. దానికి వాంతి చేసుకునే శక్తి లేదు కనుక లోపలికి పోయిన దారం పేగుల్లో చిక్కుపడితే బయటపడే దారి కష్టం. మొదటి చలికాలం మా అమ్మ ప్రేమతో తన పాత ఉన్ని శాలువాను పెట్టెలో పరిచింది, మర్నాటికి దాని అంచు జానెడు మాయమైంది. ఆ రెండు రోజులూ నేను పెంటికలు చూసుకుంటూ గడిపాను. వరిగడ్డిలో ఒకే ఒక్క ప్రమాదం బూజు. తుఫానుకు తడిసి, కుప్పలో ముక్కిన గడ్డి నల్లమచ్చలతో, ముక్కవాసనతో ఉంటుంది. ఆ బూజు పొడి కుందేలు ఊపిరితిత్తులకూ కడుపుకూ విషమే. అటువంటి గడ్డి ఎంత చవకగా వచ్చినా, ఊరికే ఇచ్చినా నేను తీసుకోను.

"మార్గశిరంలో మాటలాడ పొద్దుండదు, పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదు" అని మనవాళ్లు అన్నది కుందేలు గూడు శుభ్రం చేసేవాళ్లకు బాగా తెలుస్తుంది. తడి గడ్డి తీసి, పలకలు ఎండబెట్టి, మళ్లీ పొడి గడ్డి నింపడానికి ఎండ గట్టిగా దొరికేది పదకొండు నుంచి మూడు వరకే. బడి ఉన్న రోజుల్లో అది నాకు కుదరదు. అందుకని పడకపెట్టెలు రెండు చేయించాను. ఒకటి గూట్లో ఉంటే రెండోది డాబా మీద ఎండుతుంది. కుందేలు మూత్రానికి ఒకే మూల ఎంచుకుంటుంది, కాబట్టి ఆ మూల గడ్డిని మాత్రం రోజూ తీసేసి, మిగిలినది వారానికి రెండుసార్లు మారుస్తాను.

చలికాలంలో కుందేలుకు నిజమైన కొలిమి దాని కడుపు. దాని పెద్ద ఉండుకంలో, అంటే చిన్నపేగు పెద్దపేగు కలిసేచోట ఉండే సంచిలో, పీచు రాత్రింబగళ్లు పులుస్తూ ఉంటుంది, ఆ పులియడంలో వేడి పుడుతుంది. రాత్రి ఎండుగడ్డి అయిపోయి కడుపు ఖాళీ అయితే పొయ్యి ఆరిపోయినట్టే. పడకకు వేసిన వరిగడ్డిలో సారం లేదు, మేత వేరే ఉండాలి. దసరా తర్వాత వానలు తగ్గగానే గరిక కోసి నీడలో ఆరబెట్టి, గోనెసంచుల్లో నింపుకుంటాను. ఈ చలికాలానికి ఏడు సంచులయ్యాయి. దానితో పాటు పచ్చగరిక, అవిసాకు, కొంచెం మునగాకు. పొద్దున్నే మంచుతో కోసిన పచ్చమేతను కుప్పగా వదిలితే లోపల వేడెక్కి పులుస్తుంది, అది కడుపుబ్బరం తెస్తుంది. అందుకని సాయంత్రమే కోసి వరండాలో పలుచగా పరుస్తాను. చలికాలంలో మామూలుకన్నా ఎక్కువ మేత పెట్టాలి, అది ఎండుగడ్డి రూపంలోనే పెరగాలి. బలమని చోళ్లు (రాగులు), మొక్కజొన్నలు, అన్నం ఎక్కువ పెడితే కడుపు చెడుతుంది; నేను చోళ్లు ఒక చెంచాకు మించి పెట్టను, అదీ రోజూ కాదు. నీళ్లు ఇక్కడ గడ్డకట్టవు గానీ, బాగా చల్లబడిన నీళ్లను వాడు తక్కువ తాగుతున్నాడని గమనించి, పొద్దున గోరువెచ్చని నీళ్లు బరువైన మట్టిముంతలో పోస్తున్నాను. నీళ్లు తగ్గితే మేత తగ్గుతుంది, మేత తగ్గితే పేగుల కదలిక మందగిస్తుంది. రాత్రి తినని కుందేలు మర్నాడు పొద్దునకు కూడా తినకపోతే, అది వేచి చూసే సమయం కాదు.

అందుకని పొద్దున ముంగాళ్ల తర్వాత నేను చూసేది పెంటికలు. ఆరోగ్యంగా ఉన్నవి బఠాణీ గింజంత, గుండ్రంగా, అన్నీ ఒకే కొలతతో ఉంటాయి. వేళ్లతో చిదిమితే లోపల గడ్డిపీచు బంగారురంగు రజనులా కనబడుతుంది. అవి చిన్నవై మిరియాలంత అయినా, వంకరటింకరగా వచ్చినా, అసలు లేకపోయినా ఆ రోజు బడికి ఆలస్యమైనా సరే డాక్టరుగారికి ఫోన్ చేస్తాను.

చెవులు చల్లగా ఉన్నాయని మాత్రం ఎవరూ బెదిరిపోవద్దు. నేను మొదట్లో బెదిరాను. కుందేలుకు చెమట పట్టదు; ఎండలో చెవుల్లోని రక్తనాళాలను విప్పి వేడిని బయటికి పంపుతుంది, చలిలో అవే రక్తనాళాలను ముడిచి వేడిని లోపల దాచుకుంటుంది. చల్లటి చెవులతో చురుకుగా మేత తింటున్న కుందేలు బాగున్నట్టే. భయపడవలసింది చెవులతో పాటు పొట్ట కింద, పాదాలు కూడా చల్లబడి, కుందేలు కదలకుండా, పిలిస్తే తల తిప్పకుండా ఉన్నప్పుడు. మొదట వణుకు ఉంటుంది. మరీ చల్లబడిపోతే వణుకు కూడా ఆగిపోతుంది, అది తేరుకోవడం కాదు. దాని మామూలు ఒంటి వేడి 38.5 నుంచి 39.5 డిగ్రీల వరకు, మనకన్నా ఎక్కువ. అలా చల్లబడిన కుందేలును తడి ఉంటే మొదట పొడిగుడ్డతో అద్ది తుడిచి, సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి, మందపు తువ్వాలు చుట్టి పక్కన పెట్టి, మెల్లగా వెచ్చబరుస్తూ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. వేడినీళ్లలో ముంచడం, పొయ్యి దగ్గర కూర్చోబెట్టడం, నోట్లో బలవంతంగా ఏదైనా పోయడం చేయకూడదు. అసలు కుందేలుకు ఏ కాలంలోనూ స్నానం చేయించకూడదు, చలికాలంలో అయితే మరీ.

కుంపటి పెడదామని, బల్బు వేలాడదీద్దామని కూడా కొందరు అంటారు. మూసిన చోట బొగ్గుల కుంపటి మనుషులనే నిద్రలో చంపుతుంది, అంత చిన్న ఊపిరికి ఎంత సేపు? కరెంటు తీగ అయితే కుందేలు పళ్లకు మొదటి రుచి. రాత్రి వెచ్చని వంటగదిలోకి తెచ్చి, తెల్లారగానే మంచులోకి పంపడమూ మంచిది కాదు. చలికాలపు ఒత్తు బొచ్చు కార్తీకంలోనే వచ్చేసి ఉంటుంది, వాతావరణాన్ని రోజుకు రెండుసార్లు మార్చితే దాని ఒంటికి లెక్క తప్పుతుంది. లోపల ఉంచాల్సిన ముసలి కుందేళ్లను, జబ్బువాటిని, చిన్నపిల్లలను చలి తగ్గేదాకా లోపలే ఉంచాలి. ఈనిన తల్లి అయితే తన మెడ కింది, పొట్ట మీది బొచ్చు పీకి, నున్నగా పుట్టిన పిల్లల కోసం గూడు అల్లుతుంది. ఆ పిల్లలకు మొదటి పది రోజులూ ఆ బొచ్చే ప్రాణం, దాన్ని శుభ్రం పేరుతో తీసేయకూడదు.

రాత్రులు పొడుగయ్యే కొద్దీ పిల్లులు, ముంగిసలు గూటి చుట్టూ తిరుగుతాయి, వెచ్చని గడ్డి వాటికి కూడా ఇష్టమే. గడియకు తోడు ఒక కొక్కెం వేయించాను.

ఏడాది మొత్తంలో నేను గూటిని కదిలించేది భోగి ముందురోజే. మా వీధిలో భోగిమంట మా గోడకు ఇరవై అడుగుల దూరంలో వేస్తారు. పెద్దపండగ సందడిలో పిల్లలు టపాసులు కూడా కాలుస్తారు. కుందేలు భయంతోనే గుండె ఆగి చచ్చిపోగలదు, పొగ కూడా దాని ముక్కుకు చేటే. కాబట్టి ఆ ఒక్క రాత్రి, మర్నాడు మధ్యాహ్నం దాకా, పడకపెట్టెతో సహా బుల్లోడిని వెనకవైపు సామాన్ల గదికి మారుస్తాను. ఆ గది వెచ్చగా ఉండదు, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంటుంది, వాడికి కావలసింది అదే. తిరిగి పెరట్లోకి వచ్చిన తర్వాత శివరాత్రి దాకా ఏ మార్పూ ఉండదు. చలి శివశివా అంటూ వెళ్లిపోయిన తర్వాత తాటికమ్మలు అలాగే ఉంచి, పడకపెట్టెను తీసేసి, ఎండల కోసం వేరే ఏర్పాట్లు మొదలుపెడతాను.

ఈ రోజు సాయంత్రం గడ్డి గలగలమన్నది. రెండు గుప్పిళ్లు ఎక్కువే వేసి, పెట్టె నిండా అయిదారు అంగుళాల మందాన పరిచి, అంచులు పైకి తేల్చి, బుల్లోడిని లోపలికి వదిలాను. వాడు ఎప్పటిలాగే నేను పరిచినదంతా నోటితో లాగి, ముంగాళ్లతో తోసి, మూలకు గుట్టపెట్టి, మధ్యలో తన ఒంటికి సరిపడా గుంట చేసుకున్నాడు. కాసేపటికి మేత కోసం బయటికి వచ్చినప్పుడు ఆ గుంటలో చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, పొడిగా ఉంది.